కార్డు నంబరు దొంగల చేతికి చిక్కినప్పుడు: విజయవాడ, గుంటూరు వాసులు వరుసగా చేయవలసిన పనులు

మీరు చేయని కొనుగోలుకు మీ క్రెడిట్ కార్డు వాడినట్టు ఫోనుకు మెసేజ్ వచ్చిందంటే, ఆ మెసేజ్ చదివిన చోటనే ఆగి ముందు కార్డును బ్లాక్ చేయండి. నంబరు ఎక్కడ బయటికి పొక్కింది, ఎవరు చేశారు, మొన్న బీసెంట్ రోడ్డులో బట్టలు కొన్న కొట్టులోనా లేక ఆన్‌లైన్‌లో టికెట్లు తీసుకున్నప్పుడా అన్న ఆరా తరువాత తీరికగా చేసుకోవచ్చు. దొంగలు సాధారణంగా ముందు చిన్న మొత్తంతో, ఒకటి రెండు డాలర్లతో, కార్డు పనిచేస్తున్నదో లేదో పరీక్షించి చూసుకుంటారు. అది చెల్లిందని తేలితే వరుసగా పెద్ద మొత్తాలు లాగుతారు. అందువల్ల "పోయింది నూరు రూపాయలే కదా, రేపు బ్యాంకుకు వెళ్లి అడుగుదాం" అనుకోవడం చాలా ప్రమాదకరం. ఆ నూరు రూపాయల మెసేజ్‌ను రాబోయే నష్టానికి ముందస్తు హెచ్చరికగా చూడాలి.

బ్లాక్ చేయడానికి అన్నిటికన్నా వేగమైన దారి బ్యాంకు యాప్. అందులో సాధారణంగా రెండు సదుపాయాలు కనిపిస్తాయి. ఒకటి కార్డును తాత్కాలికంగా ఆపి ఉంచడం, రెండవది శాశ్వతంగా బ్లాక్ చేసి కొత్త కార్డు కోరడం. కంగారులో ఏది ముందు కనిపిస్తే అది నొక్కండి. కానీ నంబరు దొంగిలించబడిందని తేలిన తరువాత తాత్కాలికంగా ఆపడం సరిపోదు, ఎందుకంటే మీరు మళ్లీ తెరిచిన క్షణాన ఆ నంబరు దొంగకు కూడా మళ్లీ పనిచేస్తుంది. పాత కార్డును శాశ్వతంగా రద్దు చేయించి, కొత్త నంబరుతోనే కొత్త కార్డు అడగాలి. యాప్ లేనివారు కార్డు వెనుక ముద్రించిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోను చేయాలి. ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు, మోసగాళ్లు తమ నంబర్లనే బ్యాంకు నంబర్లుగా అక్కడ పెడుతున్నారు. ఒక దొంగ నుంచి తప్పించుకోబోయి ఇంకొక దొంగకు వివరాలన్నీ స్వయంగా చెప్పిన కుటుంబాలు ఉన్నాయి. ఈ వ్యాసం చదువుతున్నప్పుడే కార్డు వెనుక నంబరును ఫోనులోనూ, ఇంట్లో డైరీలోనూ రాసిపెట్టుకోవడం మంచిది.

ఫోనులో మాట్లాడిన తరువాత ఫిర్యాదు నంబరు తీసుకోకుండా పెట్టేయవద్దు. ఆ నంబరు, మాట్లాడిన తేదీ, సమయం ఒక కాగితం మీద రాయండి. రాబోయే మూడు నెలల్లో మీకు అండగా నిలిచేది ఈ కాగితమే.

వెంటనే 1930

కార్డు బ్లాక్ అయిన వెంటనే చేయవలసిన రెండవ ఫోను 1930కి. ఇది కేంద్ర హోం శాఖ ఆధ్వర్యంలో, రాష్ట్రాల పోలీసుల ద్వారా నడిచే సైబర్ ఆర్థిక నేరాల సహాయ నంబరు. పాత నంబరు 155260 స్థానంలో ఇది వచ్చింది. మీరు చెప్పిన వివరాల ఆధారంగా, డబ్బు చేరిన బ్యాంకుకో వ్యాలెట్‌కో సమాచారం పంపి, ఇంకా ఖర్చు కాకుండా మిగిలిన మొత్తాన్ని నిలిపివేయించడం దీని పని. దొంగలు డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకొక ఖాతాకు, అక్కడి నుంచి మరొకదానికి నిమిషాల్లో మారుస్తారు కాబట్టి ఇక్కడ గంటల లెక్క చాలా విలువైనది. కార్డు చివరి నాలుగు అంకెలు, మొత్తం, తేదీ, సమయం, మెసేజ్‌లో కనిపించిన వ్యాపారి పేరు, లావాదేవీ రిఫరెన్సు నంబరు దగ్గర పెట్టుకుని ఫోను చేయండి. పూర్తి కార్డు నంబరు, సీవీవీ (కార్డు మీద విడిగా ముద్రించే రహస్య అంకెలు), పిన్, ఓటీపీ ఎవరూ అడగకూడదు, మీరు చెప్పకూడదు. తరువాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో వివరాలు నమోదు చేసి రసీదు నంబరును భద్రపరచుకోవాలి. పోర్టల్ చిరునామా సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్. లావాదేవీ విదేశీ వెబ్‌సైటులో జరిగి ఉంటే డబ్బును దారిలో ఆపడం కష్టం. అప్పుడు బ్యాంకులో వేసే డిస్ప్యూట్‌దే, అంటే ఆ లావాదేవీ నాది కాదని ఇచ్చే అభ్యంతరానిదే, ప్రధాన పాత్ర అవుతుంది. అయినా 1930 ఫిర్యాదు మానవద్దు, బ్యాంకు విచారణలో ఆ రసీదుకు విలువ ఉంటుంది.

బ్యాంకుకు రాతపూర్వకంగా

ఫోనులో చెప్పాం కదా అని చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఫోనులో చెప్పిన మాట బ్యాంకు రికార్డులో ఏ రూపంలో నమోదైందో మీకు తెలియదు, కాబట్టి అదే రోజు ఈమెయిల్ పంపండి, మరునాడు వీలైతే బ్రాంచికి వెళ్లి లేఖ ఇచ్చి, మీ దగ్గర ఉంచుకునే ప్రతి మీద తేదీతో సహా బ్యాంకు ముద్ర వేయించుకోండి. లేఖ పెద్దదిగా ఉండనవసరం లేదు. ఈ విధంగా రాస్తే సరిపోతుంది:

"నా పేరు మీద ఉన్న, ఫలానా నాలుగు అంకెలతో ముగిసే క్రెడిట్ కార్డుపై ఫలానా తేదీన, ఫలానా సమయంలో, ఫలానా వ్యాపారి పేరుతో, ఇంత మొత్తానికి జరిగిన లావాదేవీ నేను చేసినది కాదు, నేను అనుమతించినదీ కాదు. ఆ సమయంలో కార్డు నా వద్దనే ఉన్నది. ఈ లావాదేవీకి నాకు ఓటీపీ రాలేదు. మెసేజ్ నాకు అందిన సమయం, కార్డు బ్లాక్ చేయించిన సమయం, మీరు ఇచ్చిన ఫిర్యాదు నంబరు, 1930 రసీదు నంబరు కింద రాశాను. అనధికార లావాదేవీలలో ఖాతాదారు బాధ్యతపై రిజర్వు బ్యాంకు నిర్దేశించిన నిబంధనల ప్రకారం ఈ మొత్తాన్ని నాకు జమ చేసి, విచారణ ఫలితాన్ని రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను."

ఓటీపీ వచ్చి ఉంటే వచ్చిందనే రాయాలి. ఎవరికైనా చెప్పి ఉంటే చెప్పాననే రాయాలి. ఏ సమయానికి ఓటీపీ పంపారో, దానిని ఏ పరికరంలో వాడారో తెలిపే వివరాలు బ్యాంకు వద్ద ఉంటాయి. ఒక్క విషయంలో మాట తప్పినట్టు తేలితే మీరు నిజంగా చేయని మిగతా లావాదేవీల మీద కూడా మీ మాటకు విలువ తగ్గిపోతుంది. లేఖతో పాటు బ్యాంకువారి డిస్ప్యూట్ ఫారం కూడా నింపి ఇవ్వండి, ఎందుకంటే వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి నెట్‌వర్కుల ద్వారా వ్యాపారి నుంచి డబ్బు వెనక్కి రాబట్టే చార్జ్‌బ్యాక్ ప్రక్రియ సాధారణంగా ఆ ఫారంతోనే మొదలవుతుంది.

నష్టం ఎవరిది?

ఈ ప్రశ్నకు జవాబు తెలియకపోవడం వల్లనే మన ఊళ్లలో ఎంతోమంది చెల్లించనవసరం లేని డబ్బు చెల్లిస్తున్నారు. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాలలో దీనికి స్పష్టమైన లెక్క ఉన్నది. తప్పు బ్యాంకుదైతే, మీరు ఫిర్యాదు చేసినా చేయకపోయినా, మీ బాధ్యత సున్నా. తప్పు బ్యాంకుదీ కాక మీదీ కాక మధ్యలో ఇంకెక్కడో జరిగి ఉంటే, ఉదాహరణకు మీరు ఎప్పుడో వస్తువు కొన్న వెబ్‌సైటు నుంచి నంబర్లు దొంగిలించబడి ఉంటే, మెసేజ్ అందిన తరువాత 3 పని దినాల లోపల తెలియజేస్తే మీ బాధ్యత సున్నాయే. 4 నుంచి 7 పని దినాల మధ్య తెలియజేస్తే, రూ. 5 లక్షల లోపు పరిమితి ఉన్న క్రెడిట్ కార్డుకు మీ మీద పడే భారం రూ. 10,000కు, అంతకు మించిన పరిమితి ఉన్న కార్డుకు రూ. 25,000కు మించదు, లావాదేవీ విలువ అంతకన్నా తక్కువైతే ఆ విలువ వరకే. 7 పని దినాలు దాటితే ఆ బ్యాంకు బోర్డు ఆమోదించిన విధానమే వర్తిస్తుంది.

పని దినాలను మీ బ్రాంచి పనిచేసే రోజుల ప్రకారం, మెసేజ్ అందిన రోజును వదిలిపెట్టి లెక్కించాలి. శుక్రవారం రాత్రి మెసేజ్ వచ్చి, మరునాడు రెండవ శనివారం అయితే శని, ఆదివారాలు లెక్కలోకి రావు. సోమ, మంగళ, బుధవారాలే మీ మూడు రోజులు. దసరాకో సంక్రాంతికో వరుస సెలవులు వస్తే గడువు ఇంకా జరుగుతుంది. కాని బ్యాంకుకు తెలియజేసే మార్గం ఇరవైనాలుగు గంటలూ తెరిచే ఉండాలని కూడా ఆ ఆదేశాలే చెబుతున్నాయి. కాబట్టి ఈ లెక్కను బ్యాంకు అభ్యంతరం చెప్పినప్పుడు వాదించడానికి వాడుకోండి, ఆలస్యం చేయడానికి వాడుకోవద్దు.

మీరే ఓటీపీ చెప్పి ఉంటే, అంటే నష్టం మీ అజాగ్రత్త వల్ల జరిగి ఉంటే, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టం మీదే. అయితే తెలియజేసిన తరువాత జరిగే నష్టమంతా బ్యాంకుదే. ఓటీపీ చెప్పినవారు సిగ్గుతో రెండు రోజులు దాచిపెట్టడం ఎంత నష్టమో ఈ ఒక్క నియమం చూస్తే తెలుస్తుంది. ముఖ్యంగా పెద్దవారు, పిల్లలు కోప్పడతారని ఇంట్లో చెప్పరు. ఇంట్లో పెద్దలు ఉన్నవారు దయచేసి ముందుగానే వారితో ఒక మాట అనండి: "అలాంటిది ఏమైనా జరిగితే, నాన్నగారూ, ఎవరి తప్పని మేము అడగం, మాకు వెంటనే ఫోను చేయండి." మోసగాళ్లు రోజంతా ఇదే వృత్తిగా, చదువుకున్నవారిని సైతం నమ్మించేలా మాట్లాడతారు. వారి చేతిలో మోసపోవడం అవమానం కాదు.

వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా, కరెంటు బిల్లు అంటూ వచ్చే ఏపీకే ఫైలును, అంటే ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలును, తెరిస్తే, అది ఫోనులో చేరి మీకు వచ్చే ఓటీపీలను దొంగకు పంపగలదు. అలాంటప్పుడు మీరు ఓటీపీని ఎవరికీ చెప్పలేదు. బ్యాంకు "ఓటీపీతో జరిగింది కాబట్టి మీదే బాధ్యత" అని ముగించబోతే, జరిగింది జరిగినట్టు రాసి, వారి నిర్ణయాన్ని కారణాలతో రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ఖాతాదారుదే బాధ్యత అని రుజువు చేయవలసిన భారం బ్యాంకు మీదే ఉన్నదని ఆ ఆదేశాలు చెబుతున్నాయి. ఇటువంటి ఫోనును వెంటనే నెట్‌కు దూరం చేయాలి, కానీ ఫిర్యాదు పూర్తయ్యే వరకు మెసేజ్‌లూ ఫైళ్లూ తుడిచివేయవద్దు. బ్యాంకు పనులు వేరే ఫోను నుంచి చేయండి.

ఫిర్యాదు అందిన 10 పని దినాల లోపల బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల లోపల విచారణ ముగించాలి. ఇటువంటి నిబంధనలను రిజర్వు బ్యాంకు ఎప్పటికప్పుడు సవరిస్తుంది కాబట్టి, మీ బ్యాంకు వెబ్‌సైటులో కస్టమర్ ప్రొటెక్షన్ పాలసీ పేరుతో ఉండే తాజా పత్రాన్ని కూడా చదివి ఉంచుకోండి.

బిల్లు వచ్చినప్పుడు

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. విచారణ నడుస్తుండగానే స్టేట్‌మెంట్ వస్తుంది, దొంగ వాడిన మొత్తం కూడా అందులో ఉండవచ్చు. మీ పొదుపు ఖాతా నుంచి బిల్లు మొత్తం తనంతట తానే కట్టుబడేలా ఆటోపే పెట్టి ఉంటే, ఆ మొత్తం కూడా కట్టుబడిపోతుంది. కాబట్టి గడువుకు ముందే ఆటోపేను ఆపించి, మీరు నిజంగా వాడిన మొత్తాన్ని మీరే కట్టండి. వివాదంలో ఉన్న మొత్తాన్ని బిల్లు నుంచి పక్కన పెట్టారా లేదా అని బ్యాంకును ఈమెయిల్‌లో అడిగి, జవాబును దాచుకోండి. మోసమని ఫిర్యాదు చేసిన లావాదేవీ మీద వివాదం తేలే వరకు చార్జీలు వేయకూడదన్నది రిజర్వు బ్యాంకు క్రెడిట్ కార్డు నిబంధనలలో ఉన్నది. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3 శాతం పైనే ఉంటుంది కాబట్టి దీనిని చిన్న విషయంగా వదిలివేయవద్దు. కోపంతో బిల్లు మొత్తాన్నీ కట్టకుండా ఆపితే, న్యాయంగా మీరు కట్టవలసిన భాగం మీద కూడా ఆలస్య రుసుము పడి క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది.

పోలీసు స్టేషన్, అంబుడ్స్‌మన్, కమిషన్

మన ప్రాంతంలో ఒక విచిత్రమైన ఇబ్బంది ఉన్నది. ఒకే మనిషి ఇల్లు తాడేపల్లిలో, అంటే గుంటూరు జిల్లాలో ఉంటుంది. బ్యాంకు బ్రాంచి గవర్నరుపేటలో, అంటే ఎన్టీఆర్ జిల్లాలో ఉంటుంది. డబ్బు చేరిన ఖాతా ఏ ఉత్తరాది రాష్ట్రంలోనో ఉంటుంది. "ఇది మా పరిధి కాదు" అన్న మాట విని తిరిగి రావద్దు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇచ్చి ఎఫ్ఐఆర్ నమోదు చేయించుకోవచ్చు. దీనినే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. కార్డు వివరాలను దొంగిలించి మీ పేరుతో వాడుకోవడం సమాచార సాంకేతిక చట్టం 66సీ, 66డీ సెక్షన్ల కిందకు వస్తుంది, రెండింటికీ మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉన్నది. స్టేషన్‌కు వెళ్లేటప్పుడు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, స్టేట్‌మెంట్, 1930 రసీదు, బ్యాంకుకు ఇచ్చిన లేఖ ప్రతి రెండేసి సెట్లు తీసుకువెళ్లండి.

బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు న్యాయంగా లేదనిపిస్తే, బ్యాంకుల మీద వచ్చే ఫిర్యాదులను విని తేల్చే రిజర్వు బ్యాంకు అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దీనికి రుసుము లేదు, న్యాయవాది అవసరమూ లేదు. ఆన్‌లైన్ చిరునామా సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్, సమాచారానికి 14448 నంబరు. బ్యాంకుకు ముందుగా ఫిర్యాదు చేయకుండా నేరుగా ఇక్కడికి వస్తే తిరస్కరిస్తారు, బ్యాంకు ముద్ర ఉన్న లేఖ ప్రతి విలువ అప్పుడు తెలుస్తుంది. విజయవాడలోనూ గుంటూరులోనూ వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. 2019 చట్టం కింద, సేవాలోపం జరిగినప్పటి నుంచి రెండేళ్ల లోపల అక్కడ కేసు వేయవచ్చు. నా అభిప్రాయంలో ముందు అంబుడ్స్‌మన్ దారిలో ప్రయత్నించడం మేలు, ఎందుకంటే అదే విషయం మీద కోర్టులోనో కమిషన్‌లోనో కేసు నడుస్తుండగా అంబుడ్స్‌మన్ ఫిర్యాదును స్వీకరించరు.

ఫిర్యాదు నడుస్తున్న ఈ రోజుల్లోనే మీకు ఇంకొక ఫోను రావచ్చు. "సైబర్ పోలీసులం, మీ డబ్బు దొరికింది, విడుదలకు రుసుము కట్టండి" అనో, "బ్యాంకు నుంచి, రీఫండ్ కోసం ఓటీపీ చెప్పండి" అనో అంటారు. ఒకసారి మోసపోయినవారి వివరాలు మోసగాళ్ల మధ్య చేతులు మారుతుంటాయి. రీఫండ్‌కు ఓటీపీ అవసరం లేదు. పోయిన డబ్బు తిరిగి ఇవ్వడానికి పోలీసులు రుసుము అడగరు. ఫోను పెట్టేసి, స్టేషన్ నంబరుకు మీరే తిరిగి చేయండి.

నంబరు ఎలా పోతుంది, ఎలా ఆపాలి

మన దేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు 2009 ఆగస్టు నుంచే అదనపు ధ్రువీకరణ తప్పనిసరి అయింది. అయితే చాలా విదేశీ వెబ్‌సైట్లలో ఓటీపీ లేకుండానే నంబరు, గడువు తేదీ, సీవీవీ ఉంటే చాలు. దొంగలు వాడుకునే ప్రధాన ద్వారం ఇదే. కాబట్టి విదేశీ కొనుగోళ్లు చేయనివారు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకాన్ని మూసివేస్తే ఆ ద్వారం మూసుకుపోతుంది. ఖాతాదారు ఇలా తెరిచి మూసుకునే వీలును, పరిమితులు మార్చుకునే వీలును బ్యాంకులు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2020లో ఆదేశించింది. ఈ వ్యాసంలో చెప్పిన జాగ్రత్తలలో ఒక్కటే చేయగలిగితే దీనినే చేయమంటాను. ఆన్‌లైన్ పరిమితిని మీ నెలవారీ అవసరానికి సరిపడా తగ్గించుకోండి. కార్డును యంత్రానికి తాకించి పిన్ లేకుండా కట్టే సదుపాయం రూ. 5,000 వరకు పనిచేస్తుంది, అవసరం లేనివారు దానినీ మూసివేయవచ్చు.

2022 అక్టోబరు 1 నుంచి వ్యాపార వెబ్‌సైట్లు మీ అసలు కార్డు నంబరును దాచుకోరాదు, దాని బదులు టోకెన్, అంటే అసలు నంబరుకు మారుగా వాడే వేరే నంబరు, మాత్రమే ఉంచుకోవాలి. కార్డును భద్రపరచాలా అని అడిగినప్పుడు వచ్చే టోకెన్ పద్ధతి వల్ల ప్రమాదం తక్కువే. నంబరు మొత్తం రాయమని, కార్డు ఫొటో పంపమని అడిగేచోటే ప్రమాదం ఉన్నది. హోటల్లో బిల్లు కట్టేటప్పుడు కార్డును వెయిటరు చేతికి ఇచ్చి లోపలికి పంపవద్దు, యంత్రాన్ని బల్ల దగ్గరికే తెమ్మనండి. రెండు వైపులా ఒక్కొక్క ఫొటో తీయడానికి క్షణాలు చాలు. సీవీవీని గుర్తుపెట్టుకుని కార్డు మీద కనపడకుండా చేయడం మంచి అలవాటు.

అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి బ్యాంకు కార్డుకు అనుబంధ కార్డు ఇచ్చి ఉంటే, దానికి పైన చెప్పిన రిజర్వు బ్యాంకు నిబంధనలు వర్తించవు. అక్కడి చట్టం ప్రకారం అనధికార వాడకంలో కార్డుదారు బాధ్యత 50 డాలర్లకు మించదు. ఫిర్యాదు ఆ బ్యాంకుకే, పిల్లల ద్వారా వెళ్లాలి.

కొత్త కార్డు వచ్చాక పాత నంబరుతో నడిచిన నెలవారీ చెల్లింపులను కొత్తదానికి మార్చి, అంతర్జాతీయ వాడకం మూసి ఉన్నదో లేదో ముందుగా చూడండి. నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇస్తాయి. మీ పేరు మీద మీకు తెలియని కార్డు గాని అప్పు గాని ఉన్నదేమో అందులో వెతకండి. బ్యాంకు జమ చేసిన డబ్బు తాత్కాలికమైనది, విచారణలో మీకు వ్యతిరేకంగా తేలితే దానిని తిరిగి వసూలు చేస్తారు. కాబట్టి డబ్బు కనిపించగానే కాగితాలు పారవేయకుండా, విచారణ ముగిసిందని, జమ శాశ్వతమైనదని బ్యాంకు నుంచి రాతపూర్వకంగా వచ్చే వరకు ప్రతి నెలా స్టేట్‌మెంట్‌ను వరుస వరుసగా చదవండి.